అడవి చెరువు దగ్గర ఇడ్లీ రవ్వ

మా ముగ్గురికీ ప్రకృతి అంటే ప్రాణం. ఈ సంగతి మాకు యాభై దాటాక తెలిసింది. అంతకుముందు కూడా ప్రకృతి మా చుట్టూనే ఉండేది కానీ, దోమల రూపంలోనూ కాలవలో గుర్రపుడెక్క రూపంలోనూ ఉండటం వల్ల మేం గుర్తుపట్టలేకపోయాం.

ముగ్గురం అంటే, బాపట్లలో ఒకే హాస్టల్ గదిలో డిగ్రీ వెలగబెట్టినవాళ్ళం. నేను ఆ ఊళ్ళోనే ఉండిపోయి ఒక సర్కారీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటునయ్యాను. రెండోవాడు తెనాలిలో ఇన్సూరెన్సు ఏజెంటు. ఎదుటివాడు ఎలా పోతాడో వివరంగా చెప్పి, ఆ తర్వాత కాఫీ తాగించే రకం. మూడోవాడు రేపల్లెలో హైస్కూలు లెక్కల మాస్టారు. తక్కువ మాట్లాడతాడు. వాళ్ళ చర్చిలో క్వయర్‌లో పాడతాడు, అక్కడ మాత్రం గొంతు గట్టిగానే వినిపిస్తుంది.

రేపల్లెవాడి భార్య పోయి అప్పటికి ఏడాదిన్నర. పిల్లల్లేరు. మేమిద్దరం సమాధుల తోట దాకా వెళ్ళాం, వాడి భుజం మీద చెయ్యి వేశాం, "ధైర్యంగా ఉండరా" అన్నాం. వచ్చేటప్పుడు "ఏం కావాలన్నా ఒక్క ఫోన్ కొట్టు" అని కూడా అన్నాం. వాడు కొట్టలేదు. కొట్టలేదు కాబట్టి వాడికి ఏమీ అక్కర్లేదని తేల్చుకుని ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. అప్పుడప్పుడు మా వాట్సాప్ గ్రూపులో గులాబీ పువ్వుల మీద "శుభోదయం" పంపేవాళ్ళం. మా స్నేహం అంత గట్టిది.

ఇలా ఉండగా తెనాలివాడికి వీడియోల పిచ్చి పట్టింది. ఎవరో కుర్రాళ్ళు కొండల మధ్య చెరువు పక్కన టెంటు వేసుకుని, పొగలు కక్కే కప్పు చేత్తో పట్టుకుని, సూర్యుడి వైపు చూస్తూ ఏమీ చెయ్యకుండా కూర్చుంటారు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడంలో మాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది కాబట్టి ఇది మనకు తగిన పనే అనిపించింది. వాడు టెంటు తెప్పించాడు. వాళ్ళ డాబా మీద వేసి చూడటానికి నన్ను ఒక ఆదివారం తెనాలి రప్పించాడు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి దాన్ని నిలబెట్టాం. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ చాలాసేపు చూసి, "ఏం బాబూ, కోళ్ళు పెంచుతున్నారా?" అని అడిగింది.

ఇక భార్యల దగ్గర సెలవు. ఊరికే సరదాకి వెళ్తామంటే ఎవరూ పంపరు. అప్పుడు తెనాలివాడి బుర్ర మెరిసింది.

"రేపల్లెవాడి కోసం అని చెబుదాంరా. పాపం, ఒంటరివాడు. మార్పు కావాలి వాడికి. మనం తీసుకెళ్ళకపోతే ఎవరు తీసుకెళ్తారు?"

నిజం చెప్పొద్దూ, ఆ మాట విని నా కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళి మా ఆవిడతో అదే గొంతుతో చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, "వెళ్ళిరండి. ఆయన్ని ఎండలో తిప్పకండి" అంది. స్నేహితుడి దుఃఖం ఇంత తేలిగ్గా పర్మిషన్ తెచ్చిపెడుతుందని తెలిస్తే ఏడాది ముందే వాడుకునేవాళ్ళం.

నవంబరు చివర్లో రెండు రోజులు సెలవు పెట్టుకున్నాం. గోదావరి అవతలి కొండల్లో ఒక నేషనల్ పార్కు, దాని లోపల చెరువు, చెరువు పక్కన టెంట్లు వేసుకోవడానికి చదును చేసిన జాగా. నేను బాపట్ల నుంచి, వాడు రేపల్లె నుంచి, ఇద్దరం రైళ్ళు దిగి తెనాలి స్టేషన్ బయట కలుసుకున్నాం. తెనాలివాడు కారుతో సిద్ధంగా ఉన్నాడు. కారులో మనుషులకి చోటు కొంచెమే మిగిలింది. టెంటు, బొగ్గుల పొయ్యి, చిన్న గ్యాస్ స్టవ్వు, మడత కుర్చీలు, ఊయల, దూరదర్శిని, మూడు లాంతర్లు. రేపల్లెవాడి దగ్గర మాత్రం స్కూలుకి తీసుకెళ్ళే గుడ్డసంచీ లాంటిది ఒక్కటే ఉంది.

"అదేంట్రా, ప్రార్థనకి వచ్చినట్టొచ్చావు?" అన్నాడు తెనాలివాడు.

"నాకు ఇది చాలురా" అన్నాడు వాడు.

"నువ్వేం పట్టించుకోకు. ఈ రెండ్రోజులు నువ్వు వేలు కదపకూడదు. అన్నీ మేం చూసుకుంటాం. నీకోసమే కదా ఇదంతా!"

వాడు తలూపి వెనక సీట్లో ఊయలకీ లాంతర్లకీ మధ్య సర్దుకున్నాడు. తెనాలివాడి భార్య రెండు పూటలకి సరిపడా పూరీలు, కూర, పులిహోర కట్టించింది. మేం వాటిని విజయవాడ దాటేలోగా ముగించాం. ప్రయాణంలో ఆకలి ఎక్కువేస్తుంది, పైగా రాత్రికి ఎలాగూ వేడివేడిగా వండుకుంటాం కదా. దారి పొడవునా తెనాలివాడు స్వేచ్ఛ గురించి మాట్లాడాడు. "ఉప్పు తక్కువైందా అని అడిగేవాళ్ళుండరు, తువ్వాలు మంచం మీద వేశావేంటని అడిగేవాళ్ళుండరు. ఆడవాళ్ళు లేకపోతే మగాడికి ఎంత హాయిరా!" అన్నాడు. నేను నవ్వాను. అద్దంలో చూస్తే రేపల్లెవాడు కిటికీ బయట చెరుకు లారీలు చూస్తున్నాడు. అప్పటికైనా మాకు ఏదో తోచాల్సింది. తోచలేదు.

పార్కు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న వాచర్ మమ్మల్ని ఆపాడు. అరవై దాటిన మనిషి, బక్కపల్చన. కారు అక్కడే పెట్టాలన్నాడు. చెరువు దగ్గరికి నడిచే వెళ్ళాలట.

"ఎంత దూరం బాబాయ్?"

"ఎంతో లేదండి. ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపుంటదండి."

బొగ్గుల పొయ్యి లోపలికి రాదన్నాడు. చిన్న గ్యాస్ స్టవ్వు పర్వాలేదు గానీ చీకటి పడేలోగా ఆర్పెయ్యాలి. పుల్లలు ఏరకూడదు, పాటలు పెట్టకూడదు, తిన్న కాగితం ముక్కతో సహా వెనక్కి పట్టుకెళ్ళాలి. తెనాలివాడికి మనుషులకి పాలసీలు చదివి వినిపించే అలవాటుంది గానీ షరతులు వినే అలవాటు లేదు. మొహం మాడ్చుకున్నాడు.

ఇంకో మలుపు తర్వాత ఇంకా నాలుగు మలుపులున్నాయి. మొదటి మలుపు దగ్గర ఊయల వదిలేశాం. రెండో మలుపు దగ్గర కుర్చీలు. దారి చూపిస్తూ వెంట వచ్చిన వాచర్ ఒక్కొక్కటీ అందుకుని దారి పక్క రాతి మీద పెట్టాడు. చెరువు చేరేసరికి నా చొక్కా పిండితే ఒక బిందె నిండేది. కానీ చెరువు మాత్రం, ఏ మాటకా మాట, బాగుంది. మూడు వైపులా కొండలు, మధ్యలో పచ్చటి నీళ్ళు, అవతలి ఒడ్డున తెల్ల కొంగలు. మేం తప్ప మనుషులెవరూ లేరు. తెలివైనవాళ్ళు వేరే చోట్లకి వెళ్ళుంటారు.

టెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. దాన్ని ఎలా వెయ్యాలో చూపించే వీడియో తెనాలివాడి ఫోన్లో ఉంది. ఆ ఫోన్లో సిగ్నల్ లేదు. డాబా మీద సంపాదించిన జ్ఞానం డాబా మీదే ఉండిపోయింది. గంటన్నర కుస్తీ పట్టాక అది మోకాళ్ళ మీద కూలబడిన గేదెలా ఒక ఆకారానికి వచ్చింది. రేపల్లెవాడు రెండుసార్లు లేవబోయాడు.

"కూర్చోరా! నీకు రెస్టు!" అని ఇద్దరం అరిచాం.

వాడు మళ్ళీ నీళ్ళ ఒడ్డున రాతి మీద కూర్చున్నాడు.

నాలుగయ్యేసరికి ఆకలి మొదలైంది. ఉప్మా చేద్దామన్నాడు తెనాలివాడు. బియ్యం, పప్పులంటే గంటలు పడుతుంది, ఉప్మా అయితే చిటికెలో అయిపోతుందట. వాళ్ళింట్లో వాడు పేపరు చదవడం పూర్తయ్యేలోగా వచ్చేస్తుందట. స్టవ్వు వెలిగించాం. ఉల్లిపాయలు నేను తరిగాను, ముక్కలు బట్టల సబ్బంత వచ్చాయి. గ్లాసు రవ్వకి ఎన్ని గ్లాసుల నీళ్ళు? నేను ఒకటన్నాను. వాడు నాలుగన్నాడు. వాడి స్టవ్వు కాబట్టి నాలుగు పోశాం. తయారైన పదార్థంతో పరీక్షల టైంటేబుల్ గోడకి అంటించుకోవచ్చు. అయినా కొంచెం నోట్లో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరం చూసుకుని, మెల్లగా గిన్నె మూతపెట్టాం.

అటుగా వచ్చిన వాచర్ మూత తీసి చూశాడు. "పశువులక్కూడా పెట్టకూడదండి ఇక్కడ" అన్నాడు. అది రూలు గురించే అన్నాడని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఫోన్ ఎక్కడ పనిచేస్తుందని అడిగితే వెనక గుట్ట మీద పెద్ద బండ చూపించాడు. ఇద్దరం ఎక్కాం. తెనాలివాడు వాళ్ళావిడకి చెయ్యనన్నాడు. పరువు సమస్య. నా పరువు ముందే పోయింది కాబట్టి నేను మా ఆవిడకి చేశాను.

"చేరారా?" అంది.

"చేరాం. ఇక్కడ అద్భుతంగా ఉంది. చెరువు, కొండలు, కొంగలు..."

"ఊఁ."

"ఒక చిన్న డౌటు. ఉప్మాకి నీళ్ళెన్ని పొయ్యాలి?"

 సిగ్నల్ పోయిందనుకుని బండ చివరికి జరిగాను.

"పెళ్ళయినప్పట్నించీ తింటున్నారు కదండీ. చూసి చెప్పలేరా?"

"తినేటప్పుడు నీళ్ళు కనబడవు కదా."

"వండేటప్పుడు కనబడతాయి. వంటింట్లోకి వస్తే." అని, "ఏ రవ్వ?" అంది.

"తెల్ల రవ్వ."

"బొంబాయి రవ్వా, ఇడ్లీ రవ్వా?"

నేను ఫోన్ మీద చెయ్యి పెట్టి తెనాలివాణ్ణి అడిగాను. వాడు ఆకాశంలోకి చూసి, "రవ్వ డబ్బాలో ఉన్నదే పోసుకొచ్చానురా. రవ్వల్లో రకాలుంటాయా?" అన్నాడు. ఆ మాట మా ఆవిడకి వినబడింది. ఆవిడ నవ్విన నవ్వు గుట్ట కింద కొంగలకి కూడా వినబడి ఉంటుంది.

"మీరిద్దరూ ఆ స్టవ్వు ముట్టుకోకండి. రేపల్లె అన్నయ్యగారికి ఇవ్వండి, ఆయన వండుతారు."

"వాడికేం తెలుసు?"

"అదేంటండీ! అక్కయ్య పోయిన దగ్గర్నించీ ఆయనే వండుకుంటున్నారుగా. మొన్న తెనాలి పెళ్ళిలో కనబడి, పప్పులో చింతపండు ముందెయ్యాలా, ఉడికాక వెయ్యాలా అని నన్నడిగారు. ముందేస్తే పప్పు ఉడకదన్నయ్యా అని చెప్పాను. మీకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మీరడగలేదా?"

సిగ్నల్ అప్పుడు పోయింది. ఆ ప్రశ్నకి ముందే పోయుంటే బాగుండేది.

 దిగేటప్పుడు తెనాలివాడు, "హోటల్లో తింటున్నాడనుకున్నానురా" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు అనుకున్నానా అని ఇప్పుడు ఆలోచిస్తే, అదీ లేదు. వాడు మాకు సెలవు కోసం గుర్తొచ్చేవాడు, వాడి పొయ్యి ఎప్పుడూ గుర్తు రాలేదు.

కిందికి వచ్చేసరికి స్టవ్వు మీద గిన్నె మారింది. మా జిగురు గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. రేపల్లెవాడు గుడ్డసంచీ విప్పుకుని కూర్చున్నాడు. అందులో చిన్న కుక్కరు, కాగితంలో పొట్లాలు కట్టిన బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ, ఒక సీసాలో నూనె. ఒక డబ్బాలో నిజాంపట్నం ఎండురొయ్యల పొడి. అన్నం అప్పటికే అయిపోయింది. పప్పుకి తాలింపు పెడుతున్నాడు.

"మీరిద్దరూ పైకెళ్ళారని..." అన్నాడు, తప్పు చేసి దొరికినవాడిలా. "చీకటిపడితే ఆర్పెయ్యాలన్నాడు కదా."

మేం కింద కూర్చుని తిన్నాం. కుర్చీలు ఎలాగూ రెండో మలుపు దగ్గరే ఉన్నాయి. ఆ పప్పు గురించి నేను గొప్పగా వర్ణించను. మామూలు పప్పే. మా ఆవిడ చేసేదానికన్నా ఉప్పు ఒక పలుకు ఎక్కువ కూడా. కానీ నేను మూడుసార్లు వేయించుకున్నాను. తెనాలివాడు ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

తిన్నాక వాడే అడిగాడు. "ఎప్పుడు నేర్చుకున్నావురా?"

రేపల్లెవాడు కంచం కడుగుతూనే చెప్పాడు. "మొదట్లో హోటలు. కడుపు చెడింది. తర్వాత చర్చివాళ్ళూ పక్కవాళ్ళూ వంతులేసుకుని క్యారేజీ పంపారు. కొన్నాళ్ళకి ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి కదా, మనమే వద్దనాలి. వద్దన్నాను. ఆ రోజు సాయంత్రం వంటింట్లోకి వెళ్తే డబ్బాలన్నీ ఒకలాగే ఉన్నాయి. తను దేని మీదా పేరు రాయలేదు. తనకి తెలుసు కదా ఏది ఎక్కడుందో. నేను ఒక్కోటీ తీసి నోట్లో వేసుకుని చూశాను. సోడా ఉప్పు కూడా." నవ్వాడు. "అన్నిటికీ చీటీలు రాసి అంటించాను. ఇప్పుడు పర్లేదు."

మేమిద్దరం నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వాం.

"ఒక్కడికి వండటం కష్టంరా," అన్నాడు వాడు. "పావుగ్లాసు పప్పు వేస్తే కుక్కరు అడుగున ఎక్కడో ఉంటుంది, మాడిపోతుంది. ఎక్కువ వండితే మూడు పూటలు అదే తినాలి. ఇవాళ ముగ్గురం కాబట్టి బాగా కుదిరింది."

తెనాలివాడు ఎంతమంది చావుల గురించి ఎంతమందికి చెప్పి ఉంటాడో. ఆ పూట మాత్రం కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగాడు. చివరికి, "కారులో నేను వాగిందంతా... ఏమనుకోకురా" అన్నాడు.

"ఏం వాగావు? నేను వినలేదు. అప్పుడు లాంతరు చెవి దగ్గర గుచ్చుకుంటోంది."

విన్నాడని మాకు తెలుసు. తెలుసని వాడికీ తెలుసు. మా ముప్పై ఏళ్ళ స్నేహంలో ఒకరి పట్ల ఒకరం చూపించుకున్న మర్యాద బహుశా అదొక్కటే. అదీ వాడి వైపు నుంచే.

ముగ్గురు పట్టే టెంటు అని పెట్టె మీద రాశారు. ఏ దేశపు ముగ్గురో రాయలేదు. నిద్ర సంగతి వదిలేస్తే, తెల్లారి మంచు చెరువు మీద నుంచి లేస్తుంటే ముగ్గురం ఒడ్డుకి వెళ్ళాం. అవతలి ఒడ్డున నాలుగు దుప్పులు నీళ్ళు తాగుతున్నాయి. తెనాలివాడు దూరదర్శిని తీసి సరిచేసుకునేలోగా అవి తాగి వెళ్ళిపోయాయి. మామూలు కళ్ళతో మేమిద్దరం చూశాం. మామూలుగా వాడు దీని మీద ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ రోజు దూరదర్శిని సంచీలో పెట్టేసి, "ఒరేయ్, ఆ రవ్వని ఏం చెయ్యొచ్చో చూపించరా" అన్నాడు.

రేపల్లెవాడు రవ్వని వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది ఇడ్లీ రవ్వ. ఉప్పుడుపిండి చేసుకుందాం." తను మాత్రం చెయ్యలేదు. పక్కన చేతులు కట్టుకుని నిలబడి మాస్టారులా చెప్పాడు. తాలింపులో పప్పు ఎర్రబడేదాకా నీళ్ళు పొయ్యొద్దన్నాడు. నేను తొందరపడ్డాను. "మళ్ళీ" అన్నాడు. ఆ మాట విని రేపల్లె స్కూల్లో పిల్లల మీద నాకు జాలేసింది. రెండోసారి కుదిరింది, అంటే ఉండలు తక్కువ కట్టాయి. వాచర్‌ని కూడా పిలిచి పెట్టాం. ఆయన ఆకులో వేయించుకుని నిలబడే తిన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"వేడిగా ఉందండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే తిరుగుప్రయాణం. తెనాలిలో రేపల్లె బండి ఎక్కిస్తూ తెనాలివాడు, "వచ్చే ఆదివారం మీ ఇంటికొస్తున్నాం" అన్నాడు. మనుషులు ప్లాట్‌ఫారాల మీద ఇలాంటివి అంటారు. కానీ నిజంగానే వెళ్ళాం. చర్చి అయ్యాక వాడి వంటింట్లో ముగ్గురం దూరాం. డబ్బాల మీద లెక్కల మాస్టారి గుండ్రటి అక్షరాలతో చీటీలున్నాయి. ఒక్క డబ్బాకి లేదు. అడిగితే, "అందులో తను దాచుకున్న వడియాలు. అవి నాకు తెలుసులే" అన్నాడు.  తెనాలివాడు వంకాయలు కోస్తూ వేలు కోసుకుని, రక్తం చూసి మంచం మీద పడుకున్నాడు.

ప్రతి ఆదివారం వెళ్తున్నామని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. మొదట వరసగా మూడు వెళ్ళాం. తర్వాత నాకు ఆఫీసు ఆడిట్, వాడికి మార్చి నెల టార్గెట్లు, ఎప్పటిలాగే గులాబీ పువ్వుల మీదికి దిగాం. ఏప్రిల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం రేపల్లెవాడి ఫోన్ వచ్చింది. రెండేళ్ళ కిందట మేం కొట్టమన్న ఫోన్ కాదు. వాడు పాపం సాయం అడగలేదు, హుకుం జారీ చేశాడు.

"ఎల్లుండి బొమ్మిడాయిలు తెప్పిస్తున్నాను. నాకు పులుసు రాదు. మీ ఆవిణ్ణి అడిగి నేర్చుకుని రా. చెల్లెమ్మ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకో, నీ తెలివి కలపకు."

నేను పెన్నూ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ నన్ను గుమ్మంలో చూసి, ఫోన్ ఛార్జర్ వెతుక్కుంటున్నాననుకుని హాల్లో ఉందని చెప్పింది.